కడిగిన సీసా

దొరస్వామిని ఉద్యోగం నుంచి తీసేసిన కాగితం నకలు ఒకటి నా దగ్గర ఉంది. అందులో అతని నేరాన్ని ఒక్క ముక్కలో రాశారు: నీటి నమూనా సేకరణలో తీవ్ర నిర్లక్ష్యం. ఆ ముక్క చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మనిషితో ఒక్క పూట గడిపినవాళ్ళెవరూ ఆ కాగితం మీద సంతకం పెట్టలేరు. పెట్టినవాళ్ళు గడపలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు ఉషా. మదనపల్లెలో ఒక ఆసుపత్రి ల్యాబులో పని చేస్తాను. రక్తం, మూత్రం, చీము, వీటిలో ఏ సూక్ష్మజీవి ఉందో, అది ఏ మందుకు చస్తుందో చూసి చెప్పడం నా పని. నాకు కోపం ఎక్కువని మా ఆసుపత్రిలో అందరూ అంటారు. నిజమే, ఎక్కువే.

దొరస్వామిది రామకుప్పం పక్క పల్లె. తరతరాలుగా కూలి బతుకు. కౌలుకు చేసిన రాగిచేనును రెండేళ్ళు వరసగా ఏనుగులు తొక్కేశాయి. మూడో ఏడు విత్తనం చల్లడానికి మనసు రాక, భార్య కాంతమ్మను వెంటబెట్టుకొని కుప్పంలో బస్సెక్కి పుంగనూరు చేరాడు. 1993లో పుంగనూరుకూ రామసముద్రానికీ నడుమ ఏడు పల్లెలకు కలిపి ఒక నీళ్ళ పథకం కట్టారు. దాని పేరు రాయను. రాస్తే ఆ ఒక్క చోటే ఇలా జరిగిందనుకొని మిగతావాళ్ళు హాయిగా నిద్రపోతారు. ట్యాంకు కట్టేటప్పుడు ఇసుక మోసిన దొరస్వామిని, నమ్మకస్తుడని, నీళ్ళు వదిలే పనికి పెట్టుకున్నారు. ట్యాంకు కిందే ఒక గది ఇచ్చారు. వాళ్ళ వంశంలో నెలజీతం చూసిన మొదటి మనిషి అతనే.

అతనికి శుభ్రం పిచ్చి. ఏ పాత్రలో నీళ్ళు పట్టాలన్నా ముందు దాన్ని అదే నీళ్ళతో మూడుసార్లు కడగాలి. చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి. కడగని చెంబుతో నీళ్ళిస్తే నాలుక పిడచకట్టినా తాగడు. కాంతమ్మ ఎగతాళి చేసేది: "ఈయప్పకు వాన నీళ్ళు తాపల్లంటే ముందు మోడాన్ని కడగల్ల." మోడమంటే మా వైపు మబ్బు.

ఆ శుభ్రాన్నే అతను ఉద్యోగంలోకీ తెచ్చుకున్నాడు. వంకలో తవ్విన బావి నుంచి మోటారు నీళ్ళు తోడి ట్యాంకులో పోస్తుంది. బ్లీచింగ్ పౌడరు బకెట్లో కలిపి, తేరిన నీళ్ళు ట్యాంకులో పోయడం అతని వంతు. ఆ తర్వాత చిన్న గాజుగొట్టంలో ట్యాంకు నీళ్ళు పట్టి, రెండు చుక్కల రసాయనం వేస్తే పసుపురంగు రావాలి. వస్తే మందు సరిపోయినట్లు. పదకొండేళ్ళలో ఒక్కరోజు కూడా ఆ పసుపురంగు చూడకుండా అతను కొళాయి విప్పలేదు. జ్వరంగా ఉన్న రోజు కాంతమ్మ భుజం పట్టుకొని మెట్లెక్కాడట.

మందు వేశాక అరగంట ఆగి నీళ్ళు వదలాలని మొదట్లో చెప్పారు. కానీ కరెంటు మూడు గంటలే ఉండేది. ఏడు పల్లెలకూ ఆ మూడు గంటల్లోనే నీళ్ళు అందాలి కాబట్టి, ట్యాంకు నిండుతుండగానే వదిలెయ్యమని పైనుంచి మాట వచ్చింది. కాగితం రాలేదు, మాట మాత్రమే వచ్చింది. ఇలాంటివి మన దగ్గర ఎప్పుడూ నోటిమాటగానే వస్తాయి.

నెలకోసారి, మొదటి మంగళవారం, నీళ్ళను పరీక్షకు పంపాలి. ఆఫీసు నుంచి మూతికి కాగితం కట్టిన గాజుసీసా వచ్చేది. ట్యాంకు పక్కనున్న మొదటి కొళాయిలో పట్టమన్నారు. కాంతమ్మ ఇంటికి నీళ్ళు పట్టుకునేదీ ఆ కొళాయి దగ్గరే. దొరస్వామి ఆ సీసాను సంచిలో పెట్టుకొని, రెండు బస్సులు మారి, అయిదు గంటలు ప్రయాణం చేసి పెద్ద ల్యాబులో ఇచ్చి వచ్చేవాడు. పది రోజులకు రిపోర్టు వచ్చేది: తాగడానికి యోగ్యం. పదకొండేళ్ళూ అదే మాట. ఆ రిపోర్టులన్నీ ఒక రేకు పెట్టెలో పెట్టుకున్నాడు. వేరే ఇళ్ళలో పెళ్ళి ఫొటోలు చూపించినట్లు ఇంటికొచ్చినవాళ్ళకు అతను వాటిని చూపించేవాడు.

2004 వేసవిలో కాంతమ్మకు చలిజ్వరం పట్టుకుంది. నడుము నొప్పి, మూత్రంలో మంట. పుంగనూరులో డాక్టరు మాత్రలు ఇచ్చాడు, తగ్గలేదు. మాత్రలు మార్చాడు, తగ్గలేదు. మూడోసారి మార్చి, అదీ పని చేయక, మదనపల్లెకు మా ఆసుపత్రికి పంపాడు. ఆమె మూత్రం నా బల్ల మీదికి వచ్చింది.

మేం చేసే పరీక్ష చెబుతాను. గంజి గడ్డకట్టినట్లుండే ఒక పదార్థాన్ని పళ్ళెంలో పోసి, దానిమీద సూక్ష్మజీవిని పరుస్తాం. పైన ఎనిమిది చిన్న కాగితపు బిళ్ళలు పెడతాం. ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ మొలవకుండా గుండ్రంగా ఖాళీ జాగా కనబడుతుంది. పని చేయకపోతే ఆ జీవి బిళ్ళను ఆనుకొని దర్జాగా పెరుగుతుంది. కాంతమ్మ పళ్ళెంలో ఎనిమిదింటిలో ఒక్క బిళ్ళ చుట్టూనే ఖాళీ ఉంది.

అలాంటి పళ్ళెం ఆ మూడు నెలల్లో నాకు అది తొమ్మిదోది. పేర్లు తిరగేస్తే తొమ్మిది మందిలో ఏడుగురు ఆ ఏడు పల్లెలవాళ్ళే. నేను కిందికి వెళ్ళి, కాంతమ్మ మంచం పక్కన కూర్చున్న మనిషిని అడిగాను, మీరు ఏ నీళ్ళు తాగుతారని.

దొరస్వామి ముఖం మాడిపోయింది. "నీళ్ళకేమీ లేదమ్మా. మందేసేది నేనే. కావల్లంటే రిపోర్టులు తెస్తాను, పదకొండేండ్లవి ఉండాయి."

"ఉంటే ఉండనీ అన్నా. నేనొక సీసా ఇస్తాను. మీ కొళాయి నీళ్ళు పట్టుకోనిరా."

సీసా ఇచ్చి పైకి వచ్చాను. ఏదో మరిచిపోయి మళ్ళీ వరండాలోకి వెళ్తే, దొరస్వామి ఆసుపత్రి కొళాయి దగ్గర నిలబడి నా సీసాను శ్రద్ధగా కడుగుతున్నాడు. నీళ్ళు పోసి, గిలకరించి, పారబోసి, వెలుతురుకు ఎత్తి చూసి, మళ్ళీ పోస్తున్నాడు.

"ఏం చేస్తాండావన్నా?"

"అడుగున తెల్లగా ఏందో ఉండాదిమ్మా. సరిగ్గా కడిగినట్ల లేదు. మా ఆఫీసు సీసాల్లో గూడా ఇట్లే ఉంటాది. నేను మూడుసార్లు కడిగే పడతాను."

"ఎన్నేండ్ల నుంచి?"

"మొదట్నుంచీనమ్మా," అన్నాడు. ఆ గొంతులో గర్వం ఉంది. నేను అతని చేతిలోంచి ఆ సీసా లాక్కున్నాను.

ఆ తెల్లపొడి మురికి కాదు. థయోసల్ఫేట్ అనే మందు. నీళ్ళలో ఉన్న క్లోరిన్‌ను అక్కడికక్కడే ఆపేయడానికి కావాలనే వేస్తారు. అది ఉంటే, కొళాయిలోంచి వచ్చిన క్షణంలో నీళ్ళలో ఏ జీవి బతికి ఉందో అది ల్యాబు చేరేదాకా బతికే ఉంటుంది, పరీక్షలో దొరుకుతుంది. ఆ పొడి కడిగేస్తే సీసాలో క్లోరిన్ అయిదు గంటలూ పని చేస్తూనే పోతుంది. ల్యాబు చేరేసరికి అన్నీ చచ్చి ఉంటాయి. రిపోర్టు బంగారంలా వస్తుంది. కానీ జనం నీళ్ళు పట్టుకొని, మూత బిగించి, రెండు బస్సుల్లో అయిదు గంటలు తిప్పి ఆ తర్వాత తాగరు గదా. కొళాయి కింద దోసిలి పట్టి తాగుతారు.

కడగకూడదని సీసాకు కట్టిన కాగితం మీద రాసే ఉంటుంది. ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో. దొరస్వామి చదివింది అయిదో తరగతి, తెలుగులో. పదకొండేళ్ళలో నూట ముప్ఫై సీసాలు ఇచ్చినవాళ్ళలో ఎవరూ ఆ పొడి ఎందుకో ఒక్కసారి నోరు తెరిచి చెప్పలేదు. నీళ్ళు వదిలేవాడికి అదంతా ఎందుకులే అనుకొని ఉంటారు.

ఆ తర్వాతి మంగళవారం ట్యాంకు దగ్గరికి నేనే పోయాను. ఒకే కొళాయి, ఒకే నిమిషం, రెండు సీసాలు. ఒకటి దొరస్వామి ఎప్పటిలాగే మూడుసార్లు కడిగి పట్టాడు. రెండోదాన్ని నేను కడగనివ్వలేదు. కడగకుండా పట్టడానికి అతని చేయి రాలేదు. నేనే పట్టాను. గాజుగొట్టంలో పసుపురంగు నిండుగా వచ్చింది, అదీ చూశాను. రెండింటినీ మదనపల్లెకు తెచ్చి, అయిదు గంటలు నిండాక పరీక్షకు పెట్టాను.

మర్నాడు కడిగిన సీసా పళ్ళెం అద్దంలా ఉంది. కడగని సీసా పళ్ళెం నిండా మొలిచి ఉన్నాయి. వాటిమీద బిళ్ళలు పెట్టి ఇంకో రోజు ఆగాను. ఎనిమిదింటిలో ఒక్క బిళ్ళ చుట్టూనే ఖాళీ. కాంతమ్మ పళ్ళెంలో ఏ బిళ్ళో, ఇక్కడా అదే బిళ్ళ.

కాంతమ్మ జబ్బు ఆ కొళాయి నుంచే వచ్చిందని నేను రుజువు చేయలేను. అది చెయ్యాలంటే నా దగ్గర లేని యంత్రాలు కావాలి. కానీ ఆ నీళ్ళలో మందులకు లొంగని జీవులు బతికి ఉన్నాయని మాత్రం ఎవరి ముందైనా చెబుతాను. అవి తాగినవాడి కడుపులో చేరి ఊరికే కూర్చుంటాయి. ఒకరోజు అదను చూసి లోపల ఇంకోచోటికి ఎక్కుతాయి. అప్పుడు మనం మింగే మాత్రలను లెక్కచెయ్యవు.

దొరస్వామి రెండు పళ్ళేలనూ చాలాసేపు చూశాడు. "అయితే నేనేసిన మందుకు సావలేదామ్మా ఇవి?"

"సచ్చేవి సచ్చినాయన్నా. అరగంట ఆగి వదిలింటే ఇవి గూడా సచ్చిండును."

"ఆగొద్దన్నారు గదమ్మా," అన్నాడు.

ఇవి ఎక్కడినుంచి వచ్చాయో చూడాలని ఆదివారం ఆ వంక వెంబడి నడిచాను. బావికి కూతవేటు దూరంలో, ఎగువన, గట్టుమీద కోళ్ళఫారాలు వరసగా ఉన్నాయి. ఒకదాని మేనేజరు నారాయణస్వామి మర్యాదస్తుడు, కాఫీ ఇప్పించాడు. నీళ్ళ డ్రమ్ము పక్కన పొట్లాలు పేర్చి ఉంటే ఏమిటని అడిగాను.

"మందమ్మా. పిల్ల దిగిన నాటినుంచి నీళ్ళలో కలిపేదే. రోగం రాకుండా."

"రోగం లేకుండానే మందా?"

"రోగమొచ్చినాక ఏసి ఏం లాభం?"

పొట్లం మీద పేరు చదివాను. నా పళ్ళెంలో ఓడిపోయిన బిళ్ళల్లో ఒకటి అదే జాతి మందు. మనుషులకైతే డాక్టరు చీటీ ఉండాలంటాం. ఇక్కడ రోగం లేని కోళ్ళకు మగ్గుతో ముంచి పోస్తున్నారు. షెడ్లు కడిగిన నీళ్ళు కాలవగట్టి నేరుగా వంకలోకి దిగుతున్నాయి. వంకలో బావి. బావి నుంచి ట్యాంకు. దాచిందేమీ లేదు, పట్టపగలు కళ్ళెదుట పారుతోంది. అయినా కోళ్ళవాళ్ళను మాత్రమే తిట్టి ఊరుకుంటే నేను అబద్ధం చెప్పినట్లే. జలుబుకు మూడు రకాల మాత్రలు రాసే డాక్టర్లు మా పక్కనే ఉన్నారు. మా ఆసుపత్రి వెనకాల కాలవ ఎక్కడికి పోతుందో నేను అప్పటిదాకా ఒక్కరోజు కూడా అడగలేదు.

ఇక మిగిలింది ఆఫీసులో చెప్పడం. సరిగ్గా ఆ నెలలోనే దొరస్వామిలాంటి వాళ్ళను పర్మనెంటు చేసే జాబితా తయారవుతోంది. పదకొండేళ్ళుగా అతను ఎదురు చూసిన జాబితా. నోరు మూసుకుంటే పేరు ఉంటుంది. సీసాలు కడిగానని తనే చెబితే ఉండదు. ఇది అతనికి తెలుసు, నాకూ తెలుసు. నువ్వు చెప్పొద్దు, నా పరీక్ష చాలు అని నేనన్నాను. అతను కాంతమ్మ మంచం పక్కకు పోయి అంతా చెప్పాడు.

కాంతమ్మ అప్పటికి ఇంజక్షన్ల మీద కొంచెం తేరుకుంది. ఆ ఒక్క బిళ్ళ మందే ఆమెకు ఎక్కుతోంది. అంతా విని, "సెప్పకుండా ఉండి నువ్వు పర్మనెంటు అయితే, ఆ కొళాయి నీళ్ళు మళ్ళా నాకు పట్టిస్తావా?" అని అడిగింది.

మర్నాడు దొరస్వామీ నేనూ ఆఫీసుకు పోయాం. ఇంజనీరు పేరు భీమరావు అనుకోండి. కుర్చీలు వేయించాడు. నా కాగితం రెండుసార్లు చదివాడు. "మీది మనుషుల ల్యాబమ్మా, నీళ్ళ ల్యాబు కాదు. మా దగ్గర పదకొండేళ్ళ రిపోర్టులు ఉన్నాయి. ఒక్కటి కూడా చెడ్డది రాలేదు," అన్నాడు.

దొరస్వామి కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. "ఆ సీసాలన్నీ నేను కడిగి పట్టినాను సార్. అడుగున పొడి మురికనుకున్నా. ఆ రిపోర్టులు యాటికీ పనికిరావు సార్. నీళ్ళు బాగలేవు. అరగంట ఆగనియ్యండి, కోళ్ళ నీళ్ళు వంకలోకి రాకుండా సెయ్యండి."

భీమరావు అతని వైపు కొత్తగా చూశాడు. రాసివ్వగలవా అని అడిగాడు. దొరస్వామి అక్కడే, వంకర అక్షరాలతో, రాసిచ్చాడు. చదువుకున్నదాన్ని, నాకు అప్పుడు బుద్ధి లేకపోయింది. ఆ కాగితం ఎందుకు అడిగాడో నాకు పదిహేను రోజుల తర్వాత తెలిసింది.

వచ్చిన ఉత్తర్వులో రెండు పేరాలున్నాయి. మొదటి పేరాలో, దొరస్వామి అనే సిబ్బంది పదకొండేళ్ళుగా నియమాలకు విరుద్ధంగా సీసాలు కడిగి నమూనాలను పాడుచేశాడు కాబట్టి అతన్ని తొలగించడమైనది. రెండో పేరాలో, పథకం నీటి గురించి ప్రజలు ఆందోళన చెందనక్కర లేదు, పదకొండేళ్ళ నివేదికలన్నీ నీరు యోగ్యమనే చెబుతున్నాయి.

నేను దాన్ని నాలుగుసార్లు చదివాను, ఎక్కడో ఒక మాట తప్పు చదివానేమోనని. తప్పు లేదు. సీసా పాడైందంట, ఆ సీసా చెప్పిన సాక్ష్యం మాత్రం నిజమంట. నమూనాలు పాడైతే రిపోర్టులు చెత్తబుట్టలో వెయ్యాలి. రిపోర్టులు నిజమైతే ఈ మనిషి చేసిన తప్పేమిటి? రెండూ ఒకే కాగితం మీద, ఒకే సంతకం కింద ఉన్నాయి. దాని కింద ముద్ర కూడా ఉంది. అరగంట గురించి ఒక్క మాట లేదు, కోళ్ళఫారాల గురించి ఒక్క మాట లేదు. ఇలా రాసినవాడికి సిగ్గు లేదా అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. నాలుగు చోట్లకు అర్జీలు పంపాను. ఒక చోటి నుంచి జవాబు వచ్చింది, మీ అర్జీ సంబంధిత ఆఫీసుకు పంపడమైనదని. సంబంధిత ఆఫీసు అంటే భీమరావుదే.

ట్యాంకు కింద గది ఖాళీ చేయించారు. దొరస్వామి పుంగనూరు బస్టాండు దగ్గర ఒక హోటల్లో గ్లాసులు కడిగే పనిలో చేరాడు. ఇంత శుభ్రంగా కడిగేవాణ్ణి ఎక్కడా చూడలేదని ఆ హోటలాయన నాతో మురిసిపోతూ చెప్పాడు.

ఎనిమిది నెలలకు కాంతమ్మకు జబ్బు తిరగబెట్టింది. ఈసారి పళ్ళెంలో ఎనిమిది బిళ్ళల చుట్టూ ఎక్కడా ఖాళీ లేదు. మిగిలిన ఆ ఒక్క మందునూ తట్టుకోవడం ఆ జీవి నేర్చుకుంది. పళ్ళెం చూసింది నేనే. కిందికి పోయి దొరస్వామికి చెప్పిందీ నేనే. ఆరో రోజు కాంతమ్మ చనిపోయింది. నా ఉద్యోగంలో నేను ఏడ్చింది ఆ ఒక్కరోజే.

ఆ తర్వాత కూడా దొరస్వామి ప్రతి నెలా మొదటి మంగళవారం హోటలు పని మానుకొని ట్యాంకు దగ్గరికి పోయేవాడు. అతని స్థానంలో మారప్ప అనే నడివయసు మనిషిని పెట్టారు. మారప్ప సీసా విప్పే వేళకు దొరస్వామి పక్కన నిలబడి, "కడగొద్దప్పా, ఆ పొడి మురికి గాదు," అని చెప్పేవాడు. మారప్ప మంచివాడు, వినేవాడు. రెండు నెలలు కడగకుండా పట్టి పంపాడు. ఆ రెండు నెలలూ రిపోర్టు యోగ్యం కాదని వచ్చింది. దాన్ని చూసి నేను సంబరపడ్డాను. ఇక ఏదో ఒకటి చెయ్యక తప్పదు అనుకున్నాను.

చేశారు. మూడో నెల దొరస్వామి పోయేసరికి మారప్ప చేతిలో కొత్త సీసా ఉంది. కడిగిన అద్దంలా తళతళలాడుతోంది. అడుగున పొడి లేదు.

"ఇంగ మీద ఇట్లాంటివే వస్తాయంటన్నా," అన్నాడు మారప్ప. "పనోళ్ళు కడిగి తప్పులు సేస్తాండారని, పొడి యెయ్యకుండానే పంపుతాండారంట."

దొరస్వామి ఆ సీసాను తీసుకొని ఎండకు ఎత్తి చూశాడట. తిరిగి మారప్ప చేతిలో పెట్టి, "కడుక్కోప్పా, ఇంగ కడిగినా ఒగటే, కడగకున్నా ఒగటే," అని చెప్పి, అక్కడినుంచి నేరుగా బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు. ఇదంతా చెప్పి, "నీ సీసా ఒగటి ఇయ్యిమ్మా, పొడి ఉండేది," అని అడిగాడు.

ఇది జరిగి మూడేళ్ళవుతోంది. రిపోర్టులు మళ్ళీ బంగారంలా వస్తున్నాయి. ఏడు పల్లెలవాళ్ళు ఆ నీళ్ళే తాగుతున్నారు. దొరస్వామి నెలనెలా నా సీసా తీసుకుపోయి, కాంతమ్మ నీళ్ళు పట్టిన కొళాయి కింద నింపి తెస్తాడు. నేను పరీక్ష చేసి ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో పంపుతాను. అందినట్లు సంతకం పెట్టిన కార్డు తిరిగొస్తుంది, అంతే. కడగని చెంబుతో ఏనాడూ నీళ్ళు ముట్టని ఆ మనిషి, ప్రతిసారీ ఆ సీసాను నా బల్ల మీద పెట్టి, నేను అడగకముందే, "కడగలేదమ్మా" అంటాడు.